మానసిక ఆరోగ్యంలో ఆహార నిపుణుల పాత్ర

ఆహార నిపుణులు లేదా డైటీషియన్లు అనగా రోగి వయసు, జబ్బు, వాడుతున్న మందులు, ఆహారపు అలవాట్లు, ఆర్థిక స్థితి పరిశీలించి తగిన ఆహారాన్ని సూచించటంలో శిక్షణ పొందినవారు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధుల చికిత్సలో వీరి సేవలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. మానసిక కుంగుబాటు, స్కిజోఫ్రీనియా, అనొరెక్సియా వంటి మానసిక వ్యాధుల చికిత్సలోనూ వీరి అవసరం ఉంది. అయితే ఆహారం ఈ చికిత్సకు తోడ్పడుతుందే గాని మందుల స్థానాన్ని భర్తీ చేయదు.

చరిత్ర

ఆహార లోపం మనసును దెబ్బతీస్తుందనటానికి పెల్లగ్రా స్పష్టమైన ఉదాహరణ. నయాసిన్ అనే బి విటమిను, శరీరంలో దాని తయారీకి ఉపయోగపడే ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం చాలనప్పుడు ఈ వ్యాధి వస్తుంది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవటం, విరేచనాలు, మతి చలించటం దీని ప్రధాన లక్షణాలు. 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్న ముఖ్యాహారంగా గల పేదలలో ఇది విపరీతంగా కనిపించింది. చాలామంది దీనిని అంటువ్యాధిగా భావించారు. 1914లో దీని పరిశోధనకు నియమితుడైన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్, మానసిక చికిత్సాలయాలలోని రోగులకు వ్యాధి వస్తున్నా సిబ్బందికి రావటం లేదని గమనించి, కారణం ఆహారమేనని నిర్ణయించాడు. పాలు, మాంసం, పప్పుజాతి గింజలు చేర్చి అనాథాశ్రమాలలోను, జార్జియా మానసిక చికిత్సాలయంలోను వ్యాధిని నివారించి చూపాడు. లోపించిన పదార్థం నయాసిన్ అన్న సంగతి 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ పరిశోధనతో తేలింది.

తెలుగు ప్రాంతంలో జొన్న ముఖ్యాహారంగా గల పేదలలో కూడా పెల్లగ్రా ఉండేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే ఎమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయానికి చెందిన సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతంపై తరువాతి కాలంలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పప్పు, పాలు, గుడ్లు, ఆకుకూరలతో కలిపి తినే జొన్న వలన ఈ ప్రమాదం లేదు.

ఆకలి మనసుపై చూపే ప్రభావాన్ని 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం పరిశీలించింది. ఆరోగ్యవంతులైన 36 మంది పురుషులు 24 వారాలపాటు తక్కువ ఆహారంతో గడిపి, తమ బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయారు. వారిలో దిగులు, చిరాకు, ఏకాగ్రత లోపం, ఎప్పుడూ తిండి గురించే ఆలోచించటం కనిపించాయి.

ఆహార నిపుణులు చేసే పనులు

* లోపాలను గుర్తించటం: విటమిన్ బి12 లోపం మతిమరుపు, దిగులు, భ్రమల రూపంలో బయటపడవచ్చు. ఈ విటమిన్ సహజంగా పాలు, గుడ్లు, చేపలు, మాంసం వంటి జంతు సంబంధ ఆహారంలోనే లభిస్తుంది. కనుక పాలు కూడా తీసుకోని శాకాహారులను, మెట్‌ఫార్మిన్ మాత్రలు దీర్ఘకాలం వాడేవారిని రక్తపరీక్షకు పంపమని వైద్యునికి సూచిస్తారు.
* మందులకు తగిన ఆహారం: ఒలాంజపైన్, క్లోజపైన్ వంటి మందులతో ఆకలి, బరువు పెరుగుతాయి, మధుమేహం రావచ్చు. బరువు పెరుగుతున్నదని మందు మానివేసే రోగులు కలరు. అందుచేత మందు మొదలైన నాటినుండే ఆహార సలహా ఇవ్వటం మంచిది. లిథియం వాడేవారు ఉప్పును హఠాత్తుగా తగ్గించినా, ఎండాకాలంలో నీరు చాలినంత తాగకపోయినా రక్తంలో లిథియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. రక్తపోటు భయంతో ఆవకాయ, అప్పడాలు ఒక్కసారిగా మానదలచినవారు ముందుగా వైద్యునికి చెప్పాలి.
* వండుకోలేని రోజులకు ఏర్పాటు: కుంగుబాటు ఉన్నవారికి వంట చేయటం, ఒక్కొక్కప్పుడు తినటం కూడా భారమవుతుంది. అటువంటివారికి పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, వేరుశనగలు, అరటిపండు వంటి తేలికైన, ఖర్చు తక్కువైన ఆహారాన్ని వేళకు తినేలా ప్రణాళిక వేస్తారు.
* అనొరెక్సియా రోగులకు ఆహారం: బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఆహారాన్ని ఎంతతో మొదలుపెట్టి ఎలా పెంచాలో వైద్యునితో కలిసి నిర్ణయిస్తారు.

పరిశోధనలు

ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం జరిపిన స్మైల్స్ అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కుంగుబాటుతో బాధపడుతున్న 67 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి 12 వారాలలో ఏడుసార్లు ఆహార నిపుణుల సలహా లభించింది. కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడి ధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె పెంచి, మిఠాయిలు, వేపుళ్ళు, శీతల పానీయాలు తగ్గించమన్నారు. రెండవ వర్గంతో అన్నిసార్లూ స్నేహపూర్వకంగా మాట్లాడారు. చాలామంది తాము అంతకుముందు తీసుకుంటున్న చికిత్సను కొనసాగించారు. చివరకు మొదటి వర్గంలో 32 శాతం మందికి, రెండవ వర్గంలో 8 శాతం మందికి కుంగుబాటు లక్షణాలు దాదాపు తొలగిపోయాయి. అయితే అధ్యయనం చిన్నది. తాము ఏ వర్గంలో ఉన్నదీ పాల్గొన్నవారికి తెలుసు.

ఐరోపాలో అధిక బరువు గల 1,025 మందిపై జరిగిన మూడ్‌ఫుడ్ అధ్యయనంలో విటమిన్లు, ఖనిజాలతో కూడిన మాత్రలు కుంగుబాటును నివారించలేకపోయాయి. దీని ఫలితాలు 2019లో వచ్చాయి.

భారతదేశంలో

భారత ఆహార నిపుణుల సంఘం 1963లో ఏర్పడింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లను కూడా తన పరిధిలోకి చేర్చింది.

పరిమితులు

ఆహార నిపుణులు మానసిక వ్యాధిని నిర్ధారించరు, దానికి మందులు రాయరు. ఏదో ఒక ఆహార పదార్థం కుంగుబాటును నయం చేస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. ఆహారం మార్చుకున్నామని మందులు ఆపివేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఆత్మహత్య ఆలోచనలు వ్యక్తం చేసినా, తిండి, నీరు పూర్తిగా మానివేసినా రోగిని వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

* పెల్లగ్రా
* విటమిన్ బి12
* మానసిక కుంగుబాటు
* జాతీయ పోషకాహార సంస్థ