పదకొండు అక్షరాల పాట

1990ల చివర, ఎంపీ3 పాటలు ఇంటి కంప్యూటర్లలో చేరుతున్న రోజులలో, పాటల పట్టిక అంటే ఒక సాదా టెక్స్టు ఫైలు. ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క పాట ఉన్న చోటు మాత్రమే వ్రాసి ఉండేది. విన్‌యాంప్ ద్వారా ఎందరికో పరిచయమైన ఎం3యూ తొలిరూపం అదే. ఫైలును మరో ఫోల్డరులోకి మార్చితే పట్టిక మూగపోయేది.

2004లో లూకాస్ గోంజే మొదలైనవారు ఎక్స్‌ఎస్‌పీఎఫ్ అనే కొత్త పట్టిక రూపాన్ని తలపెట్టారు. చిరునామాతో బాటు పాట పేరు, కర్త పేరు కూడా అందులో వ్రాయవచ్చు. చిరునామా చెడినా పేరును బట్టి వేరొకచోట వెదకవచ్చునన్నది వారి ఊహ. ఎంత ముందుచూపో! లోకం మాత్రం ఆ దారిన పోలేదు.

2005లో యూట్యూబు వచ్చింది. ప్రతి వీడియోకూ పదకొండు అక్షరాల గుర్తు. 2008 మార్చిలో ఆ సంస్థ మీటలు, అంచులు ఏమీ లేని ఒట్టి తెరను బయటివారికి అందించింది. దానినే క్రోమ్‌లెస్ ప్లేయరు అన్నారు. మీటలు మనవి, వరుస మనది, తెర వారిది. సొంత ప్లేయరు కట్టడం దానితో సులువైపోయింది. పట్టికలో ఉండవలసినవి ఆ గుర్తులే. వీడియో ముగియగానే తెర 0 అనే సంకేతం పంపుతుంది. మన జావాస్క్రిప్టు దానిని అందుకొని తరువాతి గుర్తును తెరకు అందిస్తుంది. అంతే.

చిక్కు ముగింపులో లేదు, అసలు మొదలు కాకపోవడంలో ఉంది. తొలగించిన వీడియోకు 100, ఇతర పేజీలలో చూపరాదన్న వీడియోకు 101 లేదా 150 అనే దోష సంకేతాలు వస్తాయి. వాటిని పట్టించుకోని ప్లేయరు తొలి మృత వీడియో దగ్గరే నల్లతెరతో నిలిచిపోతుంది.

పాత తెలుగు సినిమా పాటలకై నేను కట్టుకున్న ప్లేయరు సరిగ్గా అలాగే నిలిచేది. దోషం వస్తే తరువాతి పాటకు దాటిపొమ్మని నాలుగు పంక్తులు చేర్చి, ఘనకార్యం చేశాననుకున్నాను. నిజానికి అదే ముంచింది. పాటలు ఒక్కొక్కటే మాయమవుతున్నా నాకు తెలియలేదు. ప్లేయరు నిశ్శబ్దంగా దాటిపోయేది.

2010లో ఐఫ్రేమ్ పద్ధతి వచ్చింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథ ముగిసింది. ఫ్లాష్‌ను నమ్ముకొని కట్టిన నా ప్లేయరును మళ్ళీ మొదటినుంచి వ్రాయడానికి ఒక ఆదివారం పట్టింది. పట్టికను తిరిగి వ్రాయడం మాత్రం నా వల్ల కాలేదు. పోయిన గుర్తులు ఇరవైకి పైగా ఉన్నాయి. ఏ గుర్తు ఏ పాటదో నేనెక్కడా వ్రాసుకోలేదు. తెర మీద పేరు కనిపిస్తూనే ఉంది కదా అనుకున్నాను. ఆ పేరు నా పట్టికలోది కాదు, వారి సర్వరులోది.

ఇప్పుడు ప్రతి పంక్తిలో పాట, చిత్రం, పాడినవారు వ్రాసి, చివర ఆ పదకొండు అక్షరాలు వ్రాస్తున్నాను. ముందూ వెనుకా ఉన్న పాటలను బట్టి పోయినవాటిలో మూడింటిని పోల్చుకోగలిగాను. మిగిలినవి గుర్తులుగానే ఉన్నాయి.