ఐర్లాండ్‌లో 2024 జూన్ 7 ఓటు: ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న మన పిల్లలకు ఏ బ్యాలెట్ ఇస్తారు, ఏది ఇవ్వరు?

హనుమాన్ జంక్షన్: మన దగ్గర 2024 మే 13న పోలింగ్ జరిగింది. జూన్ 4న లెక్కింపు జరిగింది. ఆ హడావిడి ముగిసిన రెండు రోజులకే యూరప్‌లో ఇంకో పెద్ద ఎన్నిక మొదలైంది. జూన్ 6 నుంచి 9 వరకు 27 దేశాల జనం యూరోపియన్ పార్లమెంట్‌కు 720 మందిని ఎన్నుకున్నారు. ఐర్లాండ్ వంతు జూన్ 7, శుక్రవారం వచ్చింది. అదే రోజు అక్కడ కౌన్సిల్ ఎన్నికలు, అంటే మన మున్సిపాలిటీ, జిల్లా పరిషత్ లాంటివి కూడా జరిగాయి. పిల్లలు డబ్లిన్‌లోనో కార్క్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ ఉన్న ఇళ్ళలో అప్పుడు వినిపించిన ప్రశ్న ఒకటే: మనవాడికి అక్కడ ఓటు ఉందా?

ఉంది, కానీ సగమే. ఐర్లాండ్‌లో ఉంటున్న 18 ఏళ్ళు నిండిన వాళ్ళు ఎవరైనా, ఏ దేశం పాస్‌పోర్ట్ ఉన్నా, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే. కావాలంటే కౌన్సిలర్‌గా పోటీ కూడా చేయొచ్చు. యూరోపియన్ పార్లమెంట్ బ్యాలెట్ మాత్రం ఐర్లాండ్ పౌరులకు, అక్కడ నివసించే ఇతర యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకు మాత్రమే ఇస్తారు. అంటే ఒకే బూత్‌లో, ఒకే టేబుల్ దగ్గర, ముందున్న పోలెండ్ అబ్బాయికి రెండు పేపర్లు, వెనకున్న మన అబ్బాయికి ఒక్కటే పేపర్. పన్ను ఇద్దరూ కడుతున్నారు కదా అంటే, కడుతున్నారు. కానీ ఈ ఓటు పన్నును బట్టి రాదు, పౌరసత్వాన్ని బట్టి వస్తుంది.

లండన్‌లో కొన్నేళ్ళు ఉండి బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకుని డబ్లిన్‌కు మారిన వాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. వాళ్ళకు అక్కడి పార్లమెంట్ దిగువ సభ ‘డాయిల్’కు ఓటుంది, కౌన్సిల్‌కూ ఉంది. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వెళ్ళిపోయింది కాబట్టి యూరోపియన్ ఓటు మాత్రం లేదు. నిజానికి ఒకప్పుడు బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలే అందరికంటే అదృష్టవంతులు. కామన్వెల్త్ దేశాల పౌరులకు బ్రిటన్ అన్ని ఎన్నికల్లో ఓటు ఇస్తుంది. అలా ఇండియా పాస్‌పోర్ట్‌తోనే యూరోపియన్ పార్లమెంట్‌కు ఓటేసే వీలుండేది. దాని మీద స్పెయిన్ కేసు వేస్తే, 2006లో యూరప్ న్యాయస్థానం బ్రిటన్ వైపే తీర్పు చెప్పింది. అక్కడ ఆఖరిసారి ఆ ఓటు పడింది 2019 మే 23న. ఇక్కడ మనం టీవీల ముందు కూర్చుని ఆంధ్రా ఫలితాలు చూసింది కూడా ఆ రోజే.

జర్మనీలో ఉన్న వాళ్ళకు ఈ సగం కూడా లేదు. మన పాస్‌పోర్ట్‌తో అక్కడ స్థానిక ఎన్నికల్లోనూ ఓటు ఇవ్వరు. అదే జర్మనీ 2024 యూరోపియన్ ఎన్నికలో తన పౌరులకు 16 ఏళ్ళకే ఓటు ఇచ్చింది.

ఐర్లాండ్‌లో పిల్లలున్న ఇంటివాళ్ళు ఫోన్ చేసి చెప్పాల్సిన మాట: 2024 ఎన్నికకు ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకోవడానికి గడువు మే 20తో ముగిసింది. ‘చెక్ ద రిజిస్టర్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పీపీఎస్ నంబరు, పుట్టిన తేదీ, ఇంటి ఎయిర్‌కోడ్ ఇస్తే సరిపోతుంది. ఇల్లు మారిన వాళ్ళు పాత అడ్రస్ కూడా సరిచూసుకోవాలి. 2024లో పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు జరిగింది. షిఫ్ట్ డ్యూటీ చేసే నర్సులకు, హోటల్, షాపుల్లో పనిచేసే వాళ్ళకు ఇది మంచి సౌకర్యమే. పాస్‌పోర్ట్ లాంటి ఫోటో గుర్తింపు దగ్గర ఉంచుకోవాలి.

అక్కడ ఈవీఎంలు లేవు, కాగితం బ్యాలెటే. దాని మీద అభ్యర్థి ఫోటో, పార్టీ గుర్తు ఉంటాయి. టిక్ పెట్టడం కాదు, 1, 2, 3 అని అంకెలు వేయాలి. కృష్ణా-గుంటూరు గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసిన వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, మన ‘మొదటి ప్రాధాన్యత ఓటు’ పద్ధతే. తేడా ఏంటంటే, మనకు ఎమ్మెల్సీ సీటు ఒక్కటి, కాబట్టి సగానికి మించి రావాలి. డబ్లిన్ యూరోపియన్ స్థానంలో సీట్లు నాలుగు. పోలైన మంచి ఓట్లను అయిదుతో భాగించి ఒకటి కలిపితే వచ్చేదే కోటా. అది దాటిన వాళ్ళు గెలిచినట్టు. గెలిచిన వాళ్ళ దగ్గర మిగిలిన ఓట్లు, అడుగున ఉండి తొలగించిన వాళ్ళ ఓట్లు రెండో అంకె చూసి పంచుతారు. నాలుగు సీట్లూ నిండే దాకా ఇదే పని. కౌన్సిల్ ఎన్నికకూ ఇదే లెక్క. మన పిల్లలు 1 ఒక్కటే వేసి వచ్చేస్తే ఓటు చెల్లుతుంది కానీ, ఆ అభ్యర్థి ఓడిపోతే ఆ ఓటు అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి రెండు, మూడు కూడా వేయడమే తెలివి.

ఐర్లాండ్‌కు మొత్తం 14 సీట్లు: డబ్లిన్ 4, సౌత్ 5, మిడ్‌లాండ్స్ నార్త్ వెస్ట్ 5. చిన్న దేశాలకు జనాభా కంటే కాస్త ఎక్కువే ఇస్తారు. మాల్టాకు 6, జర్మనీకి 96. ఐర్లాండ్‌లో సుమారు మూడున్నర, నాలుగు లక్షల మందికి ఒక సభ్యుడు. మన మచిలీపట్నం ఎంపీ లాంటి వాళ్ళు ఒక్కొక్కరు దాదాపు 20 లక్షల మందికి ప్రతినిధి, అది పోల్చుకుంటే తెలుస్తుంది. గెలిచాక వాళ్ళు దేశాల వారీగా కూర్చోరు. ఫైన్ గేల్ వాళ్ళు ఒక యూరప్ కూటమిలో, ఫియానా ఫాయిల్ వాళ్ళు ఇంకో దానిలో, షిన్ ఫేన్ వాళ్ళు వామపక్షాలతో కలిసి కూర్చుంటారు.

‘అది మనకెందుకు భాయ్, వీసా ఇచ్చేది డబ్లినే కదా’ అని నూజివీడు రోడ్డులో ఒక చాచా అన్నారు. వీసా, వర్క్ పర్మిట్ విషయంలో ఆయన మాట నిజమే. ఐర్లాండ్ షెంజెన్‌లో లేదు, పర్మిట్లు ఇచ్చేది అక్కడి ప్రభుత్వమే. కానీ ఈ పార్లమెంట్ మన చెరువుల దాకా వస్తుంది. కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్యలు పెంచే వాళ్ళను అడగండి. యాంటీబయాటిక్ అవశేషాలు దొరుకుతున్నాయని 2016లో యూరప్ మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అది కమిషన్ నిర్ణయం. ఆ తర్వాత 2018లో పశువుల మందుల మీద కొత్త చట్టాన్ని పార్లమెంటే ఆమోదించింది, బయటి దేశాల నుంచి వచ్చే సరుకుకూ అందులోనే నిబంధన పెట్టారు. చట్టం ప్రతిపాదించేది కమిషన్. దాన్ని మార్చడం, ఆమోదించడం, ఆపడం ఈ పార్లమెంట్, దేశాల మంత్రుల మండలి కలిసి చేస్తాయి.

మరి పూర్తి ఓటు ఎలా వస్తుంది? ఐర్లాండ్ పౌరసత్వం తీసుకుంటే. దానికి తొమ్మిదేళ్ళలో అయిదేళ్ళ నివాసం చూపించాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు: స్టూడెంట్ వీసా మీద గడిపిన ఏళ్ళు ఆ అయిదులో లెక్కకు రావు. దరఖాస్తుకు 175 యూరోలు, మంజూరయ్యాక సర్టిఫికెట్‌కు 950 యూరోలు, మన డబ్బులో దాదాపు లక్ష. ఐర్లాండ్ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, ఇండియా ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, అక్కడ పౌరసత్వం తీసుకున్న క్షణమే ఇక్కడిది పోతుంది. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ కార్డు తీసుకోవచ్చు, దాంతో జీవితాంతం రావొచ్చు, పోవొచ్చు. కానీ గన్నవరం అసెంబ్లీ ఓటు, మచిలీపట్నం లోక్‌సభ ఓటు రెండూ శాశ్వతంగా పోయినట్టే. పొలం కొనలేరన్న భయం మాత్రం దీనికి కలపొద్దు. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై కూడా వ్యవసాయ భూమి కొనడానికి లేదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చేది మాత్రం ఇద్దరికీ వస్తుంది.

పాస్‌పోర్ట్ మార్చుకోని వాళ్ళు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్ట్‌లో ఉన్న ఊరి చిరునామాతోనే ఇక్కడ ఓటరుగా ఉండొచ్చు. 2010 సవరణతో వచ్చిన హక్కు ఇది. అయితే ఓటు వేయడానికి ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకుని ఊరికి రావాల్సిందే. ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ దాటింది కానీ, 2019లో సభ రద్దవడంతో అదీ పోయింది. టికెట్ ఖర్చు పెట్టుకుని 2024 మే 13కు ఎంతమంది దిగగలిగారు?

అందుకే ఆ కౌన్సిల్ ఓటును తక్కువగా చూడొద్దంటున్నాను. అద్దె ఇళ్ళ ప్రణాళికలు, లైబ్రరీలు, ఆట మైదానాలు అక్కడ కౌన్సిల్ టేబుల్ మీదికే వస్తాయి. కేరళ నుంచి వెళ్ళిన బేబీ పెరెప్పాడన్ 2019లో డబ్లిన్ తాలా ప్రాంతంలో అలాగే కౌన్సిలర్ అయ్యారు. ఇంకా వెనక్కి వెళితే, 1992లో క్లేర్ నుంచి డాయిల్‌కు గెలిచిన డాక్టర్ మూసాజీ భామ్‌జీ ఆ సభలో మొదటి ముస్లిం సభ్యుడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన భారత సంతతి వ్యక్తి.

ఫలితాల కోసం ఎదురుచూసే వాళ్ళకు: యూరప్‌లో చివరి బూత్ మూసే దాకా యూరోపియన్ ఫలితాలు ప్రకటించకూడదు. 2024లో ఐర్లాండ్‌లో ఆదివారం రాత్రి 10 దాటాల్సి వచ్చింది, మనకు అప్పటికి సోమవారం తెల్లవారుజాము రెండున్నర. చేత్తో లెక్కపెడతారు కాబట్టి అదే రోజు అంతా తేలదు. 2019లో సౌత్ స్థానం లెక్క జూన్ మొదటి వారం దాకా సాగింది, ఓటు పడింది మే 24న.