తుగ్యానీ తర్వాత వచ్చిన మెహమాన్లు

హైదరాబాద్ బుజుర్గులు 1908 వరదను తుగ్యానీ అనేవారు. ఆ సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది జాన్ దక్కించుకున్నారు. ఉస్మానియా దవాఖానాలో ఆ చెట్టును ఇప్పటికీ చూడొచ్చు.

అలాంటి ఖయామత్ మళ్లీ రాకూడదని ఆరో నిజాం హుకూమత్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిని షహర్‌కు ఎగువనే ఆపాలన్నది ఆయన మష్వరా. ఏడో నిజాం జమానాలో 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ తయారయ్యాయి. మొదటిదే మన గండిపేట. కట్టింది షహర్ హిఫాజత్ కోసం, తాగునీటి కోసం.

పరిందాలు మాత్రం దావత్ లేకుండానే వచ్చాయి. చలికాలంలో నీరు వెనక్కి జరిగేకొద్దీ బురద ఒడ్డు బయటపడుతుంది. అందులో పురుగులు, నత్తలు ఉంటాయి. వాటి కోసం ఉల్లంకి పిట్టలు దిగుతాయి. తల వెనక రెండు నల్లచారలున్న పెద్ద బాతులు టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి దక్కన్ చెరువులకు వస్తాయి. ఇంత దూరం ఎగిరొచ్చే ముసాఫిర్‌కు కావలసింది నిశ్శబ్దం, నిస్సారం కాని నీళ్లు.

నిజాం రియాసత్ పరిందాల హిసాబ్ పద్ధతిగా రాసినవారు సాలిమ్ అలీ. 1896లో ముంబైలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మీ, అబ్బా ఇంతెఖాల్ కావడంతో మామూ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఒకరోజు ఎయిర్‌గన్‌తో పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదెలాంటి పిచ్చుకని అడిగిన ఆ సవాల్‌తోనే ఆయన ఇల్మ్ మొదలైంది. షికార్ చేసిన చేతిలోకి కలం వచ్చింది. 1931లో మన రియాసత్‌లో సర్వే మొదలుపెట్టినప్పుడు తన మెహనత్‌కు ఉజ్రత్ అడగలేదు, క్యాంపు ఖర్చులిస్తే చాలన్నారు. బేగం తెహ్మీనా వెంట నడిచారు.

ఆయన వదిలివెళ్లిన తరీఖా చాలా సాదాగా ఉంటుంది. తారీఖు, జగా, పరిందా పేరు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి. ఇంతే రాయాలి. రాయకపోతే రేపు ఏం పోయిందో కూడా మనకు తెలియదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఈ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో అడ్డుకట్ట వేసింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. వరద నుంచి షహర్‌ను కాపాడడానికి కట్టినవాటిని ఇప్పుడు షహర్ నుంచే కాపాడుకోవలసిన వఖ్త్ వచ్చింది.

పోయిన చలికాలం ఫజర్ తర్వాత మా అబ్బాయిని గండిపేట తీసుకెళ్లాను. బైనాక్యులర్ వదలకుండా, "అబ్బా, లెక్క తప్పింది, మళ్లీ ఎంచనా?" అన్నాడు.

"ఎంచు బేటా. ముందు పైన తారీఖు రాయి," అన్నాను.