ఆరు వాట్ల దూరం

హామ్ రేడియోవాళ్ల, అంటే సొంత సెట్లతో సరదాకు గాలిలో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియోవాళ్ల, పటంలో ఊళ్లకు పేర్లుండవు, గళ్లుంటాయి. భూగోళాన్ని అక్షాంశ రేఖాంశాల వెంట కోసి, ఒక్కో గడికి రెండక్షరాలు, రెండంకెలు తగిలించుకున్నారు వాళ్లు. 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త ఎగువనున్న బెల్లంపల్లి ‘ఎంకె99’ గడిలో పడింది. రైలెక్కి మంచిర్యాలలో దిగితే చాలు, గడి మారిపోతుంది. అది ‘ఎంకె98’. రామగుండం, గోదావరిఖని అందులోవే. ఇలాంటి గడిలో కూర్చుని టేబుల్ లైటుకు సరిపోయేంత కరెంటుతో ఎక్కడో సైబీరియాలో ఉన్నవాడితో మాట్లాడొచ్చని ఈ విద్య చెబుతుంది. ఆకాశం ఎన్నడూ అడ్డు చెప్పలేదు. తెలుగు నేల మీద ఈ విద్యను ఆపినవి రెండే: అనుమతి కాగితం, దొరకని సామాను.

నిజానికి సంకేతాలు బెల్లంపల్లికి కొత్త కాదు. ఊరు పుట్టిందే వాటి నడుమ. 1920ల చివర్లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయింది. పట్టాల వెంట తంతి కూడా వచ్చింది, దాంతోపాటు మోర్స్ చుక్కలూ గీతలూ వచ్చాయి. బొగ్గు బాయి దగ్గర ఇంకో భాష ఉండేది. ఒక గంట కొడితే కదులుతున్న వైండింగ్ ఇంజను ఆగాలి. మూడు గంటలు కొడితే గని లిఫ్టు కేజ్‌లోకి మనుషులు ఎక్కబోతున్నారని. కింద ఆన్‌సెట్టర్, పైన బ్యాంక్స్‌మన్, ఇంజను గదిలో డ్రైవరు: ముగ్గురూ ఒకరినొకరు చూడకుండానే పని నడిపేవారు. లెక్క తప్పితే ప్రాణం పోతుంది. రేడియో తరంగం బొగ్గునూ రాతినీ చీల్చుకుని ఎంతో దూరం పోలేదు కాబట్టి, భూగర్భంలో ఆ తీగలూ గంటలే దిక్కయ్యాయి. పైకొస్తే మాత్రం కథ వేరు.

పైన, అంటే నిజాం రాజ్యంలో, రేడియో మొదలైంది దాదాపు సొంత సరదాగానే. 1930ల మొదట్లో హైదరాబాద్ చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టాడు. అప్పటికి ఆలిండియా రేడియో అన్న పేరే పుట్టలేదు. 1935లో నిజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా దాని కథ అక్కడి నుంచే అందరికీ తెలుసు. దానికి ముందున్న ఇంటి ట్రాన్స్‌మిటర్‌ను మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోరు. అది హామ్ స్టేషన్ కాదు, శ్రోతల కోసం నడిచిన ప్రసారం. అయినా స్వభావం ఒకటే: జీతం రాళ్లు పెట్టి ఒక గదిలో సెట్టు బిగించుకుని, ఎవరైనా వింటున్నారా అని గాలిలోకి అడగడం.

బ్రిటిష్ ఇండియాలో ఆ పని అప్పటికే పదేళ్ల నాటిది. 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు ‘2జెకె’ అనే కాల్‌సైన్‌తో (స్టేషన్ గుర్తింపు పేరుతో) గాలిలోకి వచ్చాడు. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఉన్న లైసెన్సులూ రద్దయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మధ్యప్రదేశ్‌లోని మౌలో, సైన్యపు సిగ్నల్స్ పాఠశాలలో, అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టింది.

ఆ తర్వాత కాగితం సంగతి సరే, సామాను సంగతి మొదలైంది. విదేశీ సెట్లు కొనాలంటే సుంకం సెట్టు కంటే బరువు. యుద్ధంలో మిగిలి తుక్కు కింద అమ్ముడైన మిలిటరీ పరికరాలే దేశమంతటా హామ్‌లకు తొలి పెట్టుబడి. వాటిని విప్పి, కావలసినవి పీకి, కొత్తగా అతికించుకునేవారు. బొగ్గు ప్రాంతం కుర్రాడెవడైనా కెపాసిటర్ల కోసం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, కోఠీ గుజరాతీ గల్లీలో కొట్టు కొట్టూ తిరగాల్సిందే. ఇంతా చేస్తే పరీక్ష మిగిలే ఉంటుంది. పాత రెండో గ్రేడుకు నిమిషానికి 5 మోర్స్ మాటలు, మొదటి గ్రేడుకు 12. అదీ దాటితే పోలీసు విచారణ. 1980లు, 90ల ఆదిలాబాద్ జిల్లాలో, నక్సలైట్ ఉద్యమం, ఎన్‌కౌంటర్ల నడుమ, వైర్‌లెస్ సెట్టు అంటే జనానికి గుర్తొచ్చేది పోలీసు జీపే. ఆ రోజుల్లో ఇంటి మీద యాంటెనా కట్టుకుంటానని ఠాణాకు వెళ్లి చెప్పాలంటే ఎంత గుండె కావాలో ఆ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1983లో హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మొదలైంది. దాని వెనుక ఎస్. సూరి, కాల్‌సైన్ ‘వీయూ2ఎంవై’. శిక్షణ తరగతులు, పరీక్షలకు సాయం, క్లబ్బులు: కాగితం వైపు గేటును కొంత తెరిచింది ఈ సంస్థే. 1984లో హామ్ పరికరాలకు దిగుమతి సుంకం ఎత్తేయడంతో సామాను వైపు గేటూ కదిలింది. రాజీవ్ గాంధీ స్వయంగా హామ్ (వీయూ2ఆర్‌జి) కావడం ఆ విద్యకు ఢిల్లీలో పనికొచ్చిన మాట నిజం.

ఈ సంస్థ పేరు ప్రపంచానికి వినిపించింది 2004 డిసెంబరులో. అండమాన్ నుంచి మాట్లాడేందుకు హామ్‌లకు 1987 తర్వాత మళ్లీ అనుమతి దొరికింది. అరుదైన చోటు కాబట్టి దేశదేశాల వాళ్లు ఆ సంకేతం కోసం కాచుక్కూర్చున్నారు. భారతి ప్రసాద్ నాయకత్వంలో సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్ హోటల్లో ‘వీయూ4ఆర్‌బిఐ’ పేరుతో స్టేషన్ నడుపుతోంది. 26వ తేదీ తెల్లవారుజామున ఆమె సెట్టు ముందుండగానే భూమి కంపించింది. వెంటనే సునామీ. ఫోన్లు మూగబోయాయి. దూరాల లెక్క కోసం తెచ్చిన సెట్లు ఆ క్షణం నుంచి జాడ తెలియనివాళ్ల పేర్లు మోయడం మొదలుపెట్టాయి. పదేళ్ల తర్వాత 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టి సెల్ టవర్లు కూలినప్పుడూ హామ్‌లు రంగంలోకి దిగారు. పత్రికలకు ఈ విద్య విపత్తు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. మిగతా 360 రోజులు బల్ల మీద టంకం వేస్తూ కూర్చునేవాడి గురించి రాసేవాళ్లు తక్కువ.

అలాంటి బల్ల ఒకటి హైదరాబాద్‌లో ఉంది. అది అష్హర్ ఫర్హాన్‌ది (వీయూ2ఈఎస్‌ఈ). ఆయన బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదికను నెలకొల్పినవారిలో ఒకరు. 2003 ప్రాంతాల్లో ఆయన ‘బిట్‌ఎక్స్’ అనే సెట్టు రూపొందించి, సర్క్యూట్ మొత్తాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 14 మెగాహెర్ట్జ్‌లో గొంతు పంపే 6 వాట్ల సెట్టు. పనితీరు తెలిసినవాళ్లు మెచ్చుకున్నది దాని పొదుపును. మామూలుగా వినడానికి ఒక దారి, పలకడానికి ఇంకో దారి కావాలి. ఇందులో సింగిల్ లైను రైలుమార్గంలా ఒకే దారి: ఆంప్లిఫయర్లకు కరెంటు ఏ వైపు నుంచి ఇస్తే సిగ్నల్ ఆ వైపు పోతుంది. ఫిల్టరు ఒకటే, మిక్సర్లు అవే. సగం సామాను మిగిలింది.

మిగిలిన సగం కూడా ఫర్హాన్ దేశంలో ఏ మూలనైనా దొరికేదే ఎంచారు. 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు కొట్లో చిల్లరకు వస్తాయి. దానికి 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ కలిపితే 14. చివర శక్తినిచ్చే ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్ పవర్ సప్లైలలో స్విచ్చింగ్ కోసం చేసింది, రేడియో కోసం కాదు. ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్ కోర్లు. అన్నిటికన్నా ముచ్చటైనది కాయిల్. ఫెర్రైట్ రింగులు దొరకవు కదా అని నల్లా వాషర్ మీద రాగి తీగ చుట్టించారు! అచ్చు బోర్డు కూడా అక్కర్లేదు. రాగిపూత పలక మీద భాగాలను తిరగేసి నేరుగా టంకం వేయడమే. దిగుమతి సెట్టు కొనలేనివాళ్ల కోసం చేసిన ఈ నమూనాను ఇంగ్లండులో, అమెరికాలో అన్నీ కొనగలిగినవాళ్లు కూడా కూర్చుని కట్టుకున్నారు. తక్కువ శక్తితో పనిచేసే సెట్ల లోకంలో హైదరాబాద్ పేరు అలా స్థిరపడింది.

ఇక్కడే ఒక చమత్కారం ఉంది. ఆ మొదటి బిట్‌ఎక్స్‌ను బెల్లంపల్లిలో బిగిస్తే రష్యా, ఐరోపా అందొచ్చు గానీ, గీత గీస్తే సుమారు 210 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న హైదరాబాద్ మాత్రం సాధారణంగా అందదు. 14 మెగాహెర్ట్జ్ తరంగం వాలుగా వెళ్లి పైనున్న అయనోస్ఫియర్‌కు తగిలి వెయ్యీ రెండు వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. నడుమనున్న ఊళ్లను దాటేస్తుంది. దగ్గరి ఊళ్లకు 7 మెగాహెర్ట్జ్ కావాలి. రెండు వైపులా పదేసి మీటర్ల తీగను క్వార్టర్ ముందున్న రెండు వేపచెట్లకు, మరీ ఎత్తుగా కాకుండా, కట్టాలి. అప్పుడు తరంగం నిట్టనిలువుగా పైకెళ్లి, పగటి పూట గొడుగులా కిందికి పరుచుకుంటుంది. ఆదిలాబాద్, వరంగల్, హైదరాబాద్ అన్నీ ఆ నీడలోకి వస్తాయి. హామ్‌లు ఉదయం పూట కలుసుకునే చార్మినార్ నెట్ లాంటివి 7 మెగాహెర్ట్జ్‌ను పట్టుకున్నది ఇందుకే. రాత్రయితే అదే బ్యాండులో దూరదేశాల గొంతులు వచ్చి పడతాయి. అందులో ఆరు వాట్లవాడి మాట వినిపించడం కష్టం.

2016లో ఆ 7 మెగాహెర్ట్జ్ బిట్‌ఎక్స్ కూడా వచ్చింది, ఈసారి బిగించిన బోర్డుగానే. ధర 45 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు మూడు వేల రూపాయలు. కాయిళ్లు చుట్టింది మహిళల బృందం, చేత్తోనే. ఆ తర్వాత 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అన్ని బ్యాండ్లూ పట్టే మైక్రోబిట్‌ఎక్స్, ఆపైన రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటరుతో నడిచే ఎస్‌బిట్‌ఎక్స్ వచ్చాయి. స్కూటర్ బ్యాటరీ, తీగచుట్ట, అరచేయంత పెట్టె ఉంటే గుట్ట మీదైనా స్టేషనే.

తక్కువ శక్తికి ఆకాశంలోనూ ఒక తెలుగు చిరునామా ఉండేది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ–సి6 మోసుకెళ్లిన 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహం అది. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి ఒక వాటు. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నది 2014 జులై దాకా పనిచేసింది.

సామాను సమస్య ఇలా దాదాపు తీరింది. కాగితం మాత్రం ఇప్పటికీ కావాలి, కాకపోతే తేలికైంది. 12 ఏళ్లు నిండితే రిస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్ష రాయొచ్చు, దానికి మోర్స్ అక్కర్లేదు. నెగ్గితే కాల్‌సైన్ ‘వీయూ3’తో మొదలవుతుంది, షార్ట్‌వేవ్‌లో 50 వాట్ల దాకా అనుమతి. బిట్‌ఎక్స్ వాడేవాడికి అది ఎనిమిది సెట్ల పెట్టు.