కంచ బంజరు కాదు: మన తాండాల దారులు, కలివికోడి చెప్పిన పాఠం

మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. ఆ వ్యాపారాన్నే మన పెద్దలు లదేణీ అంటారు. మొఘల్ సైన్యాలకూ, తర్వాత నిజాం సైన్యాలకూ గింజలు చేరవేసింది ఆ ఎద్దుల మందలే. అంత మందను నడపాలంటే ఏ మజిలీలో గడ్డి దొరుకుతుందో, ఏ కుంటలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయో తెలియాలి. కాగితం మీద గీయకపోయినా అదొక పటమే.

రోడ్లు, రైళ్లు వచ్చాక లదేణీ పడిపోయింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వేసిన రైలు మార్గం మన మేడ్చల్ మీదుగానే పోతుంది. సరుకు రైలెక్కింది, మనవాళ్లు పశువులు మేపుకుంటూ, కూలీ చేసుకుంటూ తాండాలు కట్టుకుని నిలిచిపోయారు. ఊరికి దూరంగా, మేత దగ్గరగా ఉండే కంచల పక్కనే చాలా తాండాలు వెలిశాయి. ఆషాఢంలో సీత్లా పండుగ చేసి పశువులు చల్లగా ఉండాలని మొక్కుకునే మనకు కంచ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

కంచలో తంగేడు, జమ్మి, రేగు, బలుసు, తుమ్మ పెరుగుతాయి. కుందేలు, ఉడుము, నక్క, నెమలి, కౌజు తిరుగుతాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నాలుగా ప్రకటించిన జమ్మిచెట్టు, తంగేడు పువ్వు, పాలపిట్ట మూడూ కంచకూ చేనుకూ చెందినవే. కానీ రెవెన్యూ రికార్డులో ఆ నేల పేరు పోరంబోకు, బంచరాయి. మన పక్కనే బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్న దేశ బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేల కూడా బంజరు లెక్కలోకే వస్తుంది. బంజరు అని రాసిపెట్టిన నేలను ఎవరైనా అడగవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు.

శామీర్‌పేట వైపు 1999లో జీనోమ్ వ్యాలీ మొదలైంది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా వచ్చింది. దాని వెంట వెంచర్లు వచ్చాయి. ఉద్యోగాలూ వచ్చాయి, కాదనలేం. ఈనాడు మన పిల్లలు కృష్ణజింకను చూడాలంటే శామీర్‌పేట జవహర్ జింకల పార్కుకు వెళ్లాలి. అక్కడ జింక భద్రంగానే ఉంది, కానీ ఫెన్సింగ్ లోపల ఉంది. బీడు నుంచి చేనుకు, చేను నుంచి చెరువుకు నడిచే దారి దానికి లేదు.

ఆ దారి విలువ ఎంతో తెలియాలంటే కడప జిల్లా కథ చెప్పుకోవాలి. కలివికోడి అనే పిట్ట 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వేటగాళ్లను, పశువుల కాపరులను అడిగారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పిట్టను పట్టాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ 86 ఏళ్ల తర్వాత జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. లంకమల అడవి అభయారణ్యమైంది.

తర్వాత పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టి పరిచి, రాత్రి పడిన అడుగుజాడలను చూశారు. వాటిని ఉపగ్రహ చిత్రాలతో పోల్చి పటాలు తయారు చేశారు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే ఆ పిట్ట ఎక్కువగా ఉంటుందని తేలింది. మరీ చిక్కటి అడవి దానికి పనికిరాదు, దున్నేసిన నేలా పనికిరాదు. అంటే మేకలు, బర్రెలు మితంగా మేసే కంచలాంటి నేల కావాలి. 1991 నుంచి 2000 మధ్య అక్కడి పొదల నేల 11 నుంచి 15 శాతం తగ్గిందని, సాగు భూమి రెట్టింపు కన్నా ఎక్కువైందని కూడా ఆ పటాలే చూపాయి. తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోకి వచ్చినప్పుడు ఆ పిట్ట కోసం కాలువ దారి మార్చారు. పటం లేకపోతే ఆ వాదన నిలిచేది కాదు. ఐతన్న లేకపోతే ఆ పటమే లేదు.

మన దగ్గర కలివికోడి లేకపోవచ్చు. కానీ ఐతన్నలాంటి పెద్దలు ప్రతి తాండాలో ఉన్నారు. వాళ్లలో వేటాడినవాళ్లూ ఉన్నారు, దాచుకోవాల్సిన పని లేదు. కంచను దున్నినవాళ్లలో, ప్లాట్లకు అమ్మినవాళ్లలో మనమూ ఉన్నాం. అయినా ఏ గట్టు మీద జమ్మి మిగిలింది, ఏ బీడులో కౌజులు గుడ్లు పెడతాయి, జొన్న, కంది కలిపి వేసిన ఏ చేలో నెమళ్లు దిగుతాయి, ఏ వాగు వెంట నక్క చెరువుకు పోతుంది అన్నది ఇంకా వాళ్లకే తెలుసు. ఆ ముక్కలన్నీ కలిపితేనే జీవాలు నడిచే దారి పటం మీదికి వస్తుంది.

దీనికి చట్టంలో చోటుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. సెలవురోజుల్లో మన యువకులు ఫోన్ పట్టుకుని పెద్దల వెంట కంచల్లో నడవాలి. చూసినదాన్ని మన పేర్లతో, గోర్ బోలీ పేర్లతో ఆ రిజిస్టరులో రాయించాలి. లదేణీ దారులు పెద్దలతోనే పోయాయి. మిగిలిన ఈ కొద్ది దారులైనా పెద్దలు ఉండగానే కాగితం మీదికి ఎక్కాలని మా కోరిక.

జై సేవాలాల్.