గుట్ట మీది గీత, దిబ్బలోని బూడిద

 యీపూట విత్తనాన్ని గురించి గాని, తెగులును గురించి గాని చెప్పబోవడం లేదు. మీ చేను గట్టుకు ఆనుకొని ఒక గుట్ట వుంటుంది గదా, దాన్ని గురించి నాలుగు మాటలు చెబుతాను. పహాణీలో దానికి ఎదురుగా 'పోట్‌ఖరాబ్' అని రాసి వుంటుంది. నాగలి దిగదు, నీరు నిలవదు, మేకలు తప్ప ఎవరూ ఎక్కరు. అటువంటి రాళ్లనేలలోనే మన దేశపు సేద్యానికి తొలి లెక్కలు రాసిపెట్టి వున్నవి. ఆ లెక్కలు ఎట్లా చదవాలో, అవి ఎట్లా చెరిగిపోతున్నవో చూద్దాం. మాట హైదరాబాదు నుంచే మొదలుపెడదాం.

నల్లగొండ వైపు నుంచి బత్తాయిలు, మామిడికాయలు లారీకెత్తించి కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు తెచ్చినవారు మీలో చాలామంది వుంటారు. ఆ మార్కెట్టు ఇప్పుడక్కడ లేదు గాని, చోటు మాత్రం మీకు గుర్తే. ఒకపక్క దిల్‌సుఖ్‌నగర్, ఇంకొకపక్క ఎల్.బి.నగర్, నడిమధ్యన చైతన్యపురి. 2018 నుంచి స్తంభాల మీద మెట్రో రైలు నడుస్తున్నది. ఎటు చూసినా దుకాణాలు, కోచింగు సెంటర్లు, అంతస్తుల మీద అంతస్తులు. 'నగర్' అని, 'పురి' అని తోకలు తగిలించుకున్న పేర్లన్నీ కొత్తవి. వాటి నడుమ గడ్డిఅన్నారం, నాగోలు, కర్మన్‌ఘాట్ అని పల్లెల పేర్లు ఇంకా మిగిలి వున్నవి. వెనక యిది ఎట్లా వుండేదో తెలియాలంటే ఎల్.బి.నగర్ దాటి వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలిని చూడండి. తుప్పలు, బండరాళ్లు, కృష్ణజింకలు. నిజాం వేటకు వెళ్లిన నేల అది. 1975లో జింకల కోసం కేటాయించబట్టి మిగిలింది.

యీ యిండ్ల మధ్యనే, మూసీ ఒడ్డున, చైతన్యపురిలో ఫణిగిరి గుట్ట వున్నది. గుట్ట మీద కొసగుండ్ల నరసింహస్వామి గుడి. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం చెక్కి వున్నది. నాలుగు, ఐదు శతాబ్దాల నాటిదని పండితులు చెబుతారు. అంటే గోలకొండ సుల్తానులు చార్మినారు కట్టించడానికి వెయ్యేండ్లకు పైగా ముందరిది. హైదరాబాదు నగరంలో ఇప్పటిదాకా తెలిసిన శాసనాలలో ఇదే పాతదని లెక్క. అందులో గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం పేరు వున్నది. పిండపాతికులు, అనగా భిక్షాన్నం మీదనే బతికే భిక్షువులు, వారి పేరు కూడా వున్నది. ఆ గోవిందరాజు విష్ణుకుండిన వంశపు గోవిందవర్మ అని పండితుల ఊహ. ఉమ్మడి నల్లగొండ జిల్లా తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకుల్లో ఆ గోవిందవర్మ తన రాణి కట్టించిన విహారానికి రెండు గ్రామాలు దానమిచ్చినట్టు వున్నది.

చరిత్రకారులు దీన్ని రాజుల కథగా, మతాల కథగా చదువుతారు. రైతు మరోలా చదవవచ్చును. భిక్షాన్నం తినేవాడు ఒక చోట ఏండ్ల తరబడి నిలిచాడంటే, చుట్టుపక్కల భిక్ష పెట్టే యిండ్లు వున్నవన్నమాట. ఆ యిండ్లలో తమ తిండికి మించి గింజలు వున్నవన్నమాట. నేడు దిల్‌సుఖ్‌నగర్ అంటున్న యీ మూసీ ఒడ్డున పదిహేను, పదహారు వందల ఏండ్ల కిందటనే గాదెలు నిండే పంట పండిందని ఆ బండ సాక్ష్యం చెబుతున్నది. నా మటుకు ఆ శాసనంలో అన్నిటికంటె విలువైన కబురు ఇదే.

ఆ గుట్ట చుట్టూ ఇంకేమేమి వుండేవో మనం చూడలేము. అంతా పునాదుల కింద పడిపోయింది. గుడి వుండబట్టి ఆ ఒక్క బండ మిగిలింది. మరి అంతకు ముందటి సంగతులు? వాటికోసం కొంచెం ఉత్తరానికి, మౌలాలి గుట్టల వైపు వెళ్లాలి. అక్కడా, సికిందరాబాదు వైపు హస్మత్‌పేటలోనూ, ఇనుము వాడుకలోకి వచ్చిన కాలపు సమాధులను నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖవారి కాలంలోనే తవ్వి చూసినారు. భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులను గురించి హంట్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు 1924లో వ్యాసం ప్రకటించినాడు. మన పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లు అంటారు, పాండవ గుళ్లు అంటారు. ఆనవాలు సులువే. పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి వుంటవి. నడుమ చిన్నరాళ్ల కుప్ప. దాని కింద నాలుగు బండలు నిలబెట్టి, పైన మూతబండ వేసిన రాతిపెట్టె. అందులో ఎముకలు, కుండలు, యినుప సామాను. కుండ లోపలా పై అంచూ నలుపు, కింద ఎరుపు. సామానులో కత్తి, బల్లెములతోబాటు కొడవలి, గొడ్డలి కూడా కనబడుతూ వుంటవి. చచ్చినవాని పక్కన కొడవలి పెట్టినవారు ఏ పని చేసుకొని బతికినారో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఆ సమాధులు తరచు రాళ్లనేల మీద, గుట్టల అడుగున వుంటవి. దాపునే పంటకు పనికివచ్చే భూమి వుంటుంది. మంచినేలను సేద్యానికి వుంచుకొని, పండని నేలను చచ్చినవారికి ఇచ్చినారు. యీ తెలివి మూడువేల ఏండ్ల కిందటిది.

యీ గుళ్లలో బంగారం వుందనే భ్రమ ఒకటి పల్లెల్లో పాతుకొని వున్నది. గుప్తనిధుల పేరు చెప్పి రాత్రిపూట మూతబండలు పగలగొట్టిపోయినవారు ఎందరో. వారికి దొరికేది కుండపెంకులు, తుప్పు పట్టిన యినుము, పిడికెడు ఎముకలు. కాని ఏ కుండ ఏ వైపు వున్నది, తల ఎటు పెట్టినారు అనే వివరం ఒక్కసారి చెదిరిందంటే మరి ఏ పండితుడూ దాన్ని తిరిగి కూర్చలేడు.

ఇక గుట్టమీది బొమ్మల సంగతి. బండ ముందుకు వంగి గొడుగుపట్టినట్టు వుండే చోట్ల, వానకు తడవని గోడమీద ఎర్రని రంగుతో మనుషులు, జింకలు, మూపురపు ఎద్దులు కనబడవచ్చును. ఆ ఎరుపు మన ఆడవాళ్లు గడపలకు, అరుగులకు పూసే జాజు వంటిదే. ఇనుము వున్న మన్ను గనుక అన్ని వేల ఏండ్లు వెలవకుండా నిలిచింది. వరంగల్లు అవతల రేగొండ దగ్గరి పాండవుల గుట్ట, కడప జిల్లా చింతకుంట, కర్నూలు జిల్లా కేతవరం, యివన్నీ అట్లాంటి చోట్లు. అన్నీ ఒక్క కాలపువి కావు. వేటగాని బొమ్మ మీద పశువులకాపరి బొమ్మ, దానిమీద తరవాతి భక్తుని బొమ్మ. వాటి కాలం తేల్చడం కష్టమైన పనే.

రంగు లేని బొమ్మలు మరికొన్ని వున్నవి. నల్లబడిన బండను గట్టి రాతితో టకటక కొట్టి, పైపొర రాలగొట్టి తీసిన రూపాలు. మన సరిహద్దులో, తెలుగువారు ఎందరో వుండే బళ్లారి దగ్గర కుప్‌గల్ అనే గుట్టమీద ఇవి వందల సంఖ్యలో వున్నవి. ఏమి బొమ్మలంటారా? ఎక్కువ భాగం ఎద్దులు. పొడుగు కొమ్ములు, పెద్ద మూపురం. సంతలో కోడెను ఎంచేవాని కన్ను వుండబట్టే ఆ మూపురం వంపు అట్లా వచ్చింది. ఆ గుట్టమీద కొన్ని బండలు రాతితో కొడితే కంచులా మోగుతవి. కొట్టి కొట్టి పడిన గుంటలు కూడా వాటి మీద వున్నవి. బొమ్మలు వేసిన చోటనే పాటా వుండేదేమో. కంకర కోసం అదే గుట్టను పేల్చినారు, కొన్ని బొమ్మలు పోయినవి.

ఎవరు వీరు? జవాబు బూడిదలో దొరికింది.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరు వున్నది. ఆదిలాబాదు ఉట్నూరు అనుకోకండి, యిది వేరు. అక్కడొక బూడిద దిబ్బ. ఇట్లాంటి దిబ్బలు రాయచూరు, బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో చాలా వున్నవి. హంపీ దగ్గర ఒకదాన్ని వాలిని దహనం చేసిన బూడిద అంటారు. కొందరు దొరలు ఇవి అగ్నిపర్వతపు కక్కు అనుకున్నారు, కొలిమి చిట్టెమనీ అనుకున్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన ఇది పశువుల పేడ తగలబడిన బూడిద అని వాదించినాడు. తరవాత రసాయన పరీక్షలు ఆయన మాటే నిజమని తేల్చినవి. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు ఉట్నూరు దిబ్బను తవ్వించినాడు. ఏమి బయటపడిందంటే, గుంజలు పాతి కట్టిన పెద్ద పశువుల దొడ్డి. దొడ్డిలో పేడ మేటలు వేసి పెరిగింది, కాలింది, దానిమీద మళ్లీ దొడ్డి కట్టినారు, మళ్లీ కాలింది. యిట్లా ఎన్నోసార్లు. ఆ పొరల మధ్యన పశువుల గిట్టల గుర్తులు చెక్కుచెదరకుండా నిలిచినవి. నాలుగువేల ఏండ్లకు పైబడిన గిట్టలు! రాతి గొడ్డలి తప్ప యినుము ఎరుగని కాలం.

ఇక్కడ మీకొక అనుమానం వస్తుంది. బంగారం వంటి ఎరువును చేనుకు తోలుకోక తగలబెట్టడమేమిటి? న్యాయమైన అనుమానమే. మంటలు పొరపాటున అంటుకున్నవి కావని, ఏటా పండుగనాడు కావాలనే పెట్టి వుంటారని ఆల్చిన్ ఊహించినాడు. మన భోగిమంటలకు, పశువులను మంట దాటించే ఆచారాలకు మూలం ఇక్కడ వుండవచ్చునన్నాడు. అది ఊహే, రుజువు కాదు. రోగాలు, పిడుదులు పోవడానికి దొడ్డి కాల్చి వుంటారని మరికొందరి మాట. తరవాత కర్ణాటకలో బూదిహాళ్ దగ్గర పద్దయ్యగారు జరిపిన తవ్వకాల్లో దిబ్బ పక్కనే యిండ్లు కూడా బయటపడినవి. కనుక వీరు ఉత్త దిమ్మరులు కారు, ఊరు కట్టుకున్నవారు.

ఏమి తిన్నారు అనే దానికి ఇటీవలి పరిశోధకులు మంచి సమాధానం ఇచ్చినారు. తవ్విన మన్నును నీటిలో కలిపి పైకి తేలిన మాడిన గింజలను సూక్ష్మదర్శినితో చూసినారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు! పంట వేసింది వానకాలం చేలల్లో, చెరువులు లేవు, బావి మోటలు లేవు. జొన్న, సజ్జ అప్పటికింకా రాలేదు. అవి ఆఫ్రికా నుంచి తరవాత వచ్చినవి. అండుకొర్రలను మళ్లీ వేయండని నేడు విస్తరణవారు మీకు చెబుతున్నారు గదా. అది కొత్త సలహా ఏమీ కాదు, యీ నేల మొదటి పంటల్లో ఒకటి.

బూడిద చేనుకు మంచిదని యిట్లాంటి దిబ్బలను బండ్లతో తోలుకొనిపోయిన రైతులు వున్నారు. పొయ్యి బూడిద ప్రతి యింటా వున్నది, దానికి నాలుగువేల ఏండ్ల బూడిద ఎందుకు చెప్పండి? తవ్వి పారబోసిన బండెడు బూడిదలో ఆ గిట్ట గుర్తులూ పోతవి, ఆ మాడిన ఉలవ గింజలూ పోతవి.

కనుక దుక్కిలో నునుపు దేరిన నల్లరాతి గొడ్డలి తగిలినా, బావి తవ్వుతుంటే ఎరుపు నలుపు కుండ కనబడినా, పరుపుబండ మీద గొడ్డళ్లు నూరిన సన్నని గాట్లు కనబడినా, అక్కడితో పని ఆపండి. కొన్నిచోట్ల అటువంటి గొడ్డళ్లను వేపచెట్టు కింది గద్దె మీద పెట్టి పసుపు కుంకుమలు పూస్తారు. దాన్ని చూసి నవ్వకండి, ఆ పూజ వల్లనే అవి పోకుండా వున్నవి. బొమ్మలున్న బండ మీద నీళ్లు చల్లవద్దు, సుద్దతో గీయవద్దు. సామాను వున్నచోటనే వుంచి ఫోటో తీయండి. సర్వే నెంబరు, దగ్గరి గుర్తులు కాగితం మీద రాసి తహశీల్దారుకు ఒక ప్రతి, పురావస్తు శాఖకు ఒక ప్రతి పంపండి. తెలంగాణలో దీనికి 2017 నుంచి వారసత్వ చట్టం వున్నది. విస్తరణ కార్యకర్తలు భూసార పరీక్షకు మన్ను తీసేటప్పుడు, గుట్ట అంచున తిరిగేటప్పుడు, కుండపెంకులున్న చోటు కనబడితే తమ డైరీలో ఒక గీత రాసుకుంటే చాలు. క్వారీ కౌలుకు దరఖాస్తు వచ్చిందని ఊళ్లో తెలిసిన రోజున ఆ గీతే అక్కరకు వస్తుంది. డ్రిల్లింగు మిషను గుట్ట ఎక్కిన తరవాత పంపిన అర్జీకి జవాబు వచ్చేసరికి అక్కడ కంకర మిగులుతుంది.