బళ్ళారి నటుని కంఠము - విద్యుత్తు రొద

1886లో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పిననాడు మైకు లేదు. కడపటి వరుసవానికి మాట వినబడనిచో నాటకము చెడినట్లే. కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభవారికిని ఇదే పరీక్ష. అట్టి ఊరిలో పేరు గన్న బళ్ళారి రాఘవ (1880-1946) కేకలు వేయుటకంటె సహజముగా పలుకుటయే నటనమని నమ్మెను. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినను ఈ కీర్తి తెలుగువారిదిగానే నిలిచినది.

రాఘవ కంఠము 1939నాటి ‘రైతుబిడ్డ’ చిత్రమునకెక్కినది. నేడు గాంధీనగర్‌లోని యొక యింట దానిని కంప్యూటరుద్వారా వినగోరువారికి వేరొక విఘ్నము కలుగవచ్చును. కంప్యూటరును ఆంప్లిఫైయరును వేర్వేరు సాకెట్లనుండి నడపినచో వాని ఎర్తులనడుమ స్వల్ప వోల్టేజి భేద మేర్పడవచ్చును. ఆడియో తీగ పైతొడుగు ఆ రెంటిని కలుపుటచే అందు ప్రవాహము నడచి, సెకనుకు 50 ఆవృత్తుల సరఫరా రొద మాటలో కలియును.

కొందరు ఎర్తుపిన్నునే తీసివేయుదురు. రొద తగ్గవచ్చును గాని అది ప్రాణాపాయము! రెండు పరికరములను ఒకే పలకనుండి నడపుట, కాకున్న నడుమ ఆడియో ట్రాన్స్‌ఫార్మరు నుంచుట మేలు.

పురుషకంఠపు మూలస్వరము సామాన్యముగా 85 మొదలు 180 హెర్ట్‌జులు. రొద 50లోనే గాక 100లోను పలుకును. ఫిల్టరుతో ఆ నూరును కోసినచో రాఘవ గొంతులోని గాంభీర్యమును కొంత దానితోనే పోవును.